ఇద్దరు యజమానుల గోడ

పోయినవారం మనం గుండీల కొట్టు చిన్నకోడలిని నడిబజారులో విడిచివచ్చాం. ఆవిడ ఒక చేత్తో ఎరువు తెచ్చిన నిచ్చెననూ మరొక చేత్తో సొంత తలనూ పట్టుకుని నిలబడి ఉంది. నిచ్చెనది ఏముంది, సాయంత్రానికి తిరిగిచ్చేయవచ్చు. మాట అలా కాదు. "మా ఇంటి గోడ సంగతి నాకొదిలెయ్యండి. అధికారులొచ్చే వేళకి కమాను తెరిచి ఉంటుంది" అని పాత బజారు పునరుజ్జీవన సంఘం నిండుసభలో కార్యదర్శి హోదాలో అనేసింది. అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది కానీ ఈలోగా చప్పట్లు మోగిపోయాయి. మోగిన చప్పట్లను వెనక్కి తీసుకునే ఉపాయం ఏ శాస్త్రకారుడూ ఇంతవరకు చెప్పలేదు.

ఈ కథ చేతికి ఇప్పుడే అందినవారి కోసం నాలుగు ముక్కలు. పాత బజారు ఒకప్పుడు ఒకే ఒక్క పొడవాటి కట్టడం. దాని పొట్టలోంచి కమాను వెనక కమానుగా ఒక దారి సాగేది. వాన కురిసే రోజున ఒక చివర దూరినవాడు రెండో చివర తేలేవాడు. ఈలోగా తల తడిసేది కాదు, జేబు మాత్రం తేలికపడేది. ఆ బజారు వైభవమంతా ఈ ఒక్క కిటుకులోనే ఉండేది. కాలక్రమాన ఎవరి కమానును వారు పలకలతోనో ఇటుకలతోనో పూడ్చుకుని, ఎవరి చీకటిలో వారు స్వతంత్రులయ్యారు. అంతలో ఊరికి కొత్త రోడ్డు పడింది. కొనేవారంతా అటు నడిచారు. పాత బజారుకు వచ్చేవారిలో మిగిలింది కొత్త రోడ్డుకు దారి అడిగేవారే.

అప్పుడు పుట్టింది సంఘం. కళ్లజోళ్ల కొట్టు యజమాని అధ్యక్షుడయ్యాడు. ఆయన ఉపన్యాసం మొదలుపెడితే బజారులో గడియారాలు సైతం వినయంగా వెనక నడుస్తాయని ప్రతీతి. పూడ్చిన కమానులన్నీ తెరవాలి, దారిని మళ్లీ దారి చేయాలి, పాత కట్టడాల అధికారులను పిలిచి ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించాలి అని తీర్మానించారు. అధికారులు అడ్డులేకుండా నడవగలిగితే బజారుకు రక్షణ, మరమ్మతులకు సర్కారు సాయం. మధ్యలో గోడ తగిలి నుదురు కొట్టుకుంటే ఫైలు మూత. మూత పడిందా, కొత్త రోడ్డు కాంప్లెక్సు ఆసామి వరుస మొత్తం కొని, నేలమట్టం చేసి, కార్లు నిలిపే మైదానం చేస్తాడు. అతను చాలాకాలంగా ఆ ఆశతోనే బజారులో అందరినీ పేరుపేరునా పలకరిస్తూ తిరుగుతున్నాడు.

కమానులన్నీ తెరుచుకున్నాయి, ఒక్కటి తప్ప. గుండీల కొట్టుకూ గొడుగుల కొట్టుకూ మధ్యది.

ఆ రెండు కొట్లూ అన్నదమ్ములవి. తండ్రి ఉన్నంతకాలం అది ఒకే కొట్టు. ఆయన కన్నుమూసిన ఏడు, వీధిగుమ్మం పక్కనున్న వెలుతురు చోటు గొడుగులకు చెందాలా గుండీలకు చెందాలా అన్న మహత్తర ధర్మసందేహం తలెత్తింది. రాజ్యాలు ఇంతకన్న చిన్న కారణాలకే కూలాయి కనుక మనం నవ్వకూడదు. మధ్యన చెక్కపలకల తడక లేచింది, ఆ తరువాత గోడ లేచింది, మాటలు ఆగిపోయాయి. పైన గదిలో తల్లి ఉంటుంది. ఆమె దగ్గరికి రెండు కొట్లలోంచీ వేరువేరు మెట్లు ఉన్నాయి. "అమ్మా, వాడితో చెప్పు" అని ఇటునుంచి పెద్దవాడు ఎక్కుతాడు. "అమ్మా, ఆయనతో చెప్పు" అని అటునుంచి చిన్నవాడు ఎక్కుతాడు. బజారులో వ్యాపారాలన్నీ చితికిపోయినా నానాటికీ వర్ధిల్లినది ఒక్కటే, పైగదిలో ఆవిడ నడిపే మాటల ఎగుమతి దిగుమతి.

ఇక కథలోకి వద్దాం. అధికారులు వచ్చే రోజు అదే. ఉదయం గుండీల కొట్టులో గాజుసీసాల నిండా గుండీలు మిలమిల మెరుస్తుండగా, లేసు చుట్టల మధ్య చిన్నకోడలు భర్తను నిలదీసింది.

"ఏవండీ, ఆఖరిసారి అడుగుతున్నా. గోడ మనదా, బావగారిదా?"

"మనదే. ముమ్మాటికీ మనదే."

"అయితే కొట్టమని మేస్త్రీకి చెప్పండి."

"అన్నయ్య తనది కాదని ఒప్పుకోనీ, క్షణంలో కొట్టిస్తాను."

"ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోతే మనదని తేలినట్టెలా? తేలని గోడ మీద చెయ్యేస్తే రేపు నన్ను దొంగంటారు."

అంటూ అతను జిప్పుల కట్ట విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ విప్పాడు. భార్య మొహం వైపు మాత్రం చూడలేదు. ఆవిడకు అది మొండితనంగా కనిపించింది. మొండితనం మనిషి కళ్లలోకి సూటిగా చూస్తుందన్న సంగతి ఆ తొందరలో ఆవిడకు తోచలేదు.

వీధిలోకి దిగి, చుట్టూ తిరిగి, గొడుగుల కొట్టు గుమ్మం ఎక్కింది. బావగారు ఒక పెద్ద నల్లగొడుగు తెరిచి, పుల్లలు ఒక్కొక్కటీ వేలితో మీటి చూస్తున్నాడు. వీణ వాయించేవాడికీ ఆయనకూ తేడా శ్రుతి ఒక్కటే.

"ఏమమ్మా, మళ్లీ వచ్చావా?"

"గోడ గురించి బావగారూ."

"గోడ నాది. అందులో అనుమానం లేదు."

"మీదే అనుకుందాం. కొట్టించండి మరి."

"అనుకుందామంటే కుదరదమ్మా. వాడితో అనిపించు. 'అన్నయ్యా, గోడ నీది' అని ఒక్కమాట అనమను, నా చేత్తో నేనే కొడతాను."

"మీ తమ్ముడూ సరిగ్గా ఇదే అంటున్నారు."

"చూశావా, అందులోనూ నన్నే అనుకరిస్తాడు!"

ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గోడ ఉండాలని ఇద్దరిలో ఎవరికీ లేదు, దాన్ని దానం చేసిన కీర్తి మాత్రం ఇద్దరికీ కావాలి. దాతలు ఇద్దరు, దానవస్తువు ఒక్కటి, పుచ్చుకునేదాన్ని మాత్రం వీధిలో నిలబెట్టారు. బావగారు కూడా గొడుగును ఆవిడ మొహానికీ తన మొహానికీ నడుమ తెరగా పట్టుకుని మాట్లాడాడు. లోపల పుల్ల వంకర పోయి ఉంటుందనుకుంది చిన్నకోడలు.

ఇంతలో మేస్త్రీ, అతని వెనక ఆర్కిటెక్టు అమ్మాయి వచ్చారు. ఆ అమ్మాయి బజారు నక్షా గీయడానికి సంఘం పిలిపించిన మనిషి. చదువూ ఓర్పూ దండిగా ఉన్నవే కానీ, కొన్నాళ్లుగా మొహంలో కళ లేదు. మొత్తం బజారు నక్షాలో మూల కలవనిది ఈ రెండు కొట్ల దగ్గరే. బయటినుంచి కొలిస్తే ఒక లెక్క, లోపలినుంచి రెండు కొట్లూ కొలిచి కలిపితే దానికి ఒక మనిషి వెడల్పు తక్కువ. మొదట టేపును అనుమానించింది, తరువాత తన కళ్లను, ఆఖరికి తనకు లెక్కలు నేర్పిన గురువులను.

"ఆంటీ, ఇవాళ కూడా కొలిచాను. ఇవాళ కూడా తప్పే."

"నీ తప్పు తరవాత చూద్దాం తల్లీ. గోడ ఎవరిదో ముందు తేల్చండి."

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "అదెంతసేపమ్మా! మా పనివాళ్లలో ఓ పద్ధతుంది. గోడ కట్టించుకున్నవాడి వైపే బలానికి ఇటుకస్తంభం ముందుకి పొంగుతుంది. పక్కవాడి వైపు పలకలా సాపుగా ఉంటుంది. స్తంభం ఎటుంటే గోడ అటువాళ్లది. కోర్టు కూడా ఇదే చూస్తుంది."

ఇంత సులువైన న్యాయం ఇన్నేళ్లు అందుబాటులో ఉండి ఎవరికీ తట్టలేదే అని చిన్నకోడలు ఆశ్చర్యపోయింది. ఎలాస్టిక్ కట్టలు పక్కకు నెట్టి చూపించింది. నిజమే, సీలింగు దాకా సాగిన బలిష్ఠమైన ఇటుకస్తంభం, గుండీల కొట్టు వైపు పొంగి ఉంది.

"ఇంకేం, మనదే!" అన్నాడు భర్త.

న్యాయం రెండో పక్షాన్నీ వినాలి కనుక అందరూ వీధి చుట్టి గొడుగుల కొట్టుకు వెళ్లారు. అక్కడ, వేలాడే గొడుగుల వెనక, సీలింగు దాకా, అంతే బలిష్ఠంగా మరొక స్తంభం పొంగి ఉంది.

"నేను చెప్పలా?" అన్నాడు బావగారు.

మేస్త్రీ స్తంభాన్ని తట్టి చూశాడు. చెవి ఆనించాడు. మళ్లీ పరుగున గుండీల కొట్టుకు వెళ్లి దాన్ని తట్టాడు. వెనక్కి వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"ఒక గోడకి రెండువైపులా స్తంభం ఉండదమ్మా. నా సర్వీసులో చూళ్లేదు."

"అంటే ఎవరిది?"

"ఇద్దరిదీ అనాలి. కాదు, ఎవరిదీ కాదనాలి. నన్ను కాసేపు వదిలెయ్యండి."

అప్పుడు చిన్నకోడలికి ఓర్పు నశించింది. ఓర్పు నశించినప్పుడే కొందరికి బుద్ధి వికసిస్తుంది. "గోడ ఎవరిదన్నది దేవుడికి వదిలేద్దాం. బావగారూ, మీ స్తంభం పక్కన మీరు కొట్టండి. ఏవండీ, మన స్తంభం పక్కన మీరు కొట్టండి. ఇద్దరూ ఒకేసారి. ఎవరిదైనా కొట్టినవాడు యజమానే, ఎవరూ ఎవరికీ ఏమీ ఒప్పుకోనక్కర్లేదు."

ఈ తీర్పులో ఇద్దరికీ గెలుపు ఉంది కనుక ఇద్దరూ అంగీకరించారు. మేస్త్రీ ఎక్కడ కొట్టాలో సుద్దతో గుర్తు పెట్టాడు. జీవితంలో గొడుగుపిడి కన్న బరువైనది ఎత్తి ఎరగని పెద్దవాడు సుత్తి అందుకున్నాడు. గుండీ కన్న గట్టిదానితో తలపడి ఎరగని చిన్నవాడు గునపం అందుకున్నాడు. పురాణాల్లో ఇలాంటి ఘట్టానికి దేవతలు ఆకాశాన గుమిగూడి పూలు కురిపిస్తారు. ఇక్కడ సున్నం కురిసింది.

కొట్టారు. ఆగారు, చెమట తుడుచుకున్నారు, మళ్లీ కొట్టారు. ఒక ఇటుక కదిలింది. అటువైపు కూడా ఏదో రాలిన చప్పుడు. ఎదురుగా అన్నగారి సుత్తి తల పొడుచుకొస్తుందేమోనని చిన్నవాడు కొంచెం వెనక్కి జరిగి, గునపాన్ని బలంగా పొడిచాడు. గునపం ఏ అడ్డూ లేకుండా చివరిదాకా దూసుకుపోయి, చేయి జారి, అవతలెక్కడో నేలమీద ఖణేలుమంది.

ఆ వెంటనే అటునుంచి బావగారి కేక వినిపించింది. "నా సుత్తి! నా సుత్తి ఎటు పోయింది?"

ఆర్కిటెక్టు అమ్మాయి అందరినీ తోసుకుని కన్నంలోకి టార్చి వేసింది. ఎదురుగా గొడుగుల కొట్టు కనిపించాలి. కనిపించలేదు. మరొక గోడ వీపు కనిపించింది. రెండు వీపుల మధ్య మనిషి నిలబడేంత వెడల్పున సందు. టార్చి వెలుగు ఆ సందు చివరిదాకా వెళ్లకుండానే అలసిపోయింది.

"రెండు గోడలాంటీ! ఒకటి కాదు, రెండు! నా నక్షా తప్పు కాదు! మా సార్లు తప్పు కాదు!" ఆ అమ్మాయి చిన్నకోడలిని కౌగిలించుకుంది, పొరపాటున మేస్త్రీని కూడా కౌగిలించుకోబోయి ఆగింది.

మేస్త్రీ మాత్రం నెత్తి బాదుకున్నాడు. "ఓరి నాన్నోయ్! ఇప్పుడర్థమైంది. మా నాన్న ఎప్పుడూ చెప్పుకుని నవ్వేవాడమ్మా. 'ఈ బజార్లో ఒకరికి పొద్దున పూటా, ఇంకొకరికి మధ్యాహ్నం పూటా ఒకే రకం గోడ కట్టాను, ఒకళ్లది ఒకళ్లకి తెలీదు' అని. ఎవరింట్లోనో చెప్పలేదు, మహానుభావుడు."

కథ మెల్లమెల్లగా కూడింది. తడక లేచిన కొత్తలో, ఒకరి మొహం ఒకరు చూడకూడదని అన్న ఉదయం వచ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోయేవాడు, తమ్ముడు మధ్యాహ్నం వచ్చేవాడు. అవతలివాడికి తడక చాలు, నాకు గోడ కావాలి అని ఇద్దరూ ఎవరికి వారు తలచారు. గోడను తడకకు ఆనించి కడితే పోయేది. కానీ వాడి పలకకు నా ఇటుక తగలడమా! ఆ పౌరుషంతో అన్న తన చోటులోంచే కొంత వెనక్కి జరిగి కట్టాడు, తమ్ముడూ అంతే వెనక్కి జరిగి కట్టాడు. వెలుతురు చోటు కోసం పోట్లాడుకున్నవారు చీకటి చోటును ఇద్దరూ ధారాళంగా వదులుకున్నారు. ఆ వంశంలో తప్ప మరెక్కడా సాధ్యం కాని పొరపాటు అది. ఎందుకంటే, దానికి అంత ఖచ్చితంగా ఒకేలా ఆలోచించే ఇద్దరు శత్రువులు కావాలి.

"అధ్యక్షుల వారిని పిలుచుకొస్తా!" అంటూ ఆర్కిటెక్టు అమ్మాయి వీధిలోకి పరుగుతీసింది. "పైన బరువుందమ్మా, ఆసరా కర్రలు పెట్టకుండా ఇంకో ఇటుక కూడా ముట్టుకోవద్దు" అని హెచ్చరించి మేస్త్రీ కర్రల కోసం వెళ్లాడు. చిన్నకోడలు మాత్రం కన్నం దగ్గరే వంగి ఉంది. వదిలేసిన టార్చి వెలుగులో ఆవిడకు ఒక సంగతి బోధపడటం లేదు. మధ్యలో ఉండాల్సిన చెక్కతడక లేదు. నేల మీద బూజు లేదు, దుమ్ము లేదు. ఇప్పుడు రాలిన ఇటుకముక్కల కింద నేల శుభ్రంగా ఊడ్చి ఉంది.

ఇన్నేళ్లు మూసి ఉన్న సందును ఊడ్చేదెవరు? అడగదగ్గ మనిషి ఆ ఇంట్లో ఒక్కరే. చిన్నకోడలు మెట్లెక్కి పైగదికి వెళ్లింది.

"అత్తయ్యా!"

మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడతపెట్టి ఉంది. గోడ అలమర తలుపు బార్లా తెరిచి ఉంది. అందులో మడతబట్టలు ఉండాల్సిన చోట కిందికి దిగే ఇరుకు మెట్లు ఉన్నాయి. కోడలిగా వచ్చిన నాటినుంచి ఆ అలమరను ఆవిడ చూస్తూనే ఉంది, అత్తగారు ఎన్నడూ తాళం ఇవ్వలేదు. నగలున్నాయనుకుంది. తోటికోడలూ నగలున్నాయనే అనుకుంది. ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ ఏకాభిప్రాయం ఉండేది.

గోడ పట్టుకుని దిగింది. అడుగున, సందు చివరి మూలలో, టార్చి చేరని చీకటిలో, చెక్కబల్ల మీద అత్తగారు కూర్చుని ఉన్నారు. బల్ల ఒకనాటి తడక పలకలతో చేసినదేనని వేళ్లకు తగిలిన పాత మేకులు చెప్పాయి.

"అత్త..."

ముసలిచేయి వచ్చి ఆవిడ నోరు మూసింది. "ష్! విను" అన్నట్టు వేలు రెండు కన్నాల వైపు చూపింది. అత్తగారు బల్ల మీద కాస్త జరిగి చోటిచ్చారు. చిన్నకోడలు కూర్చుంది.

కొట్లలో అన్నదమ్ములు ఇద్దరే మిగిలారు. చెరొక కన్నం ముందు నిలబడ్డారు. చివరకు ఎడమ కన్నంలోంచి, తప్పుచేసిన పిల్లవాడి గొంతుతో ఒక మాట వచ్చింది.

"అన్నయ్యా?"

కుడివైపు దగ్గు. మరొక దగ్గు. "ఏంట్రా?"

"నీ సుత్తి ఇక్కడే పడింది. నాకు కనిపిస్తోంది."

"నీ గునపం నాకు కనిపిస్తోందిలే."

ఎన్నో ఏళ్ల మౌనాన్ని సుత్తి, గునపాల యోగక్షేమాలతో భంగం చేసిన మహావీరులు తరువాత ఏమనాలో తోచక అలాగే ఉండిపోయారు. అత్తగారి భుజం చిన్నకోడలి భుజానికి ఆనింది. ఆ భుజం అదురుతోంది. నవ్వో ఏడుపో చీకట్లో తెలియలేదు.

"జుట్టు నెరిసిందిరా నీకు."

"కన్నంలోంచి చూస్తే అలా కనిపిస్తుందిలే. నీకు అసలు లేదుగా."

"గొడుగులమ్మేవాడికి జుట్టెందుకురా!" అని పెద్దవాడు నవ్వబోయి ఆగాడు. "ఒరేయ్, ఈ గోడ కొట్టినా ఒరిగేది లేదురా. అమ్మాయి పాపం ఊరికే తిరుగుతోంది. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది."

"ఎందుకలా అంటున్నావు?"

"నా కొట్టు నాది కాదురా ఇప్పుడు. కాంప్లెక్సు ఆసామికి రాసిచ్చేశాను, పోయిన వానాకాలంలోనే. నువ్వెటూ గోడ తియ్యవు, బజారు ఎటూ లేవదు, మునిగే పడవలో కూర్చోవడమెందుకనిపించింది. ఇంట్లో చెప్పలేదు."

పెద్దవాడు కన్నానికి చెవి ఆనించాడు.

"ఏరా, ఉన్నావా?"

"ఉన్నా."

"తిట్టరా. నోరు తెరిచి తిట్టు."

"ఎలా తిట్టను అన్నయ్యా? నేనూ ఇచ్చేశాను. అదే ఆసామికి. నువ్వు గోడ తియ్యవని. దీనికి తెలీదు. రోజూ పొద్దున లేచి సంఘం అంటూ పరిగెడుతుంటే, చెప్దామని నోరు తెరుస్తాను, దాని మొహం చూడగానే మూసుకుపోతుంది."

చిన్నకోడలు కింద నేల ఉందో లేదో అని పాదంతో తడిమి చూసుకుంది. తాను నిచ్చెనలు మోసింది, గుమ్మం గుమ్మం ఎక్కి బతిమాలింది, నిండుసభలో మాటిచ్చింది, ఇదంతా ఎప్పుడో చేయిజారిన కొట్టు కోసమా? పొద్దున జిప్పుల కట్ట విప్పి కట్టిన చేతులు, మొహానికి అడ్డంపెట్టిన గొడుగు ఇప్పుడు వేరే అర్థంతో కళ్లముందు తిరిగాయి. అరవాలనుకుంది. ఏ కన్నంలోకి అరవాలో తెలియలేదు.

"ఇప్పుడు తెలిసిందా?" అత్తగారి గొంతు చెవిలో, గాలికన్న మెల్లగా వినిపించింది.

"మీకు ముందే తెలుసా అత్తయ్యా?"

"ఆ ఆసామి ఈ కొట్లో బేరం ఆడినప్పుడూ ఇక్కడే కూర్చున్నా, ఆ కొట్లో ఆడినప్పుడూ ఇక్కడే కూర్చున్నా. ఒకడి కొట్లో కూర్చుంటే ఇంకొకడికి కోపం. అందుకే మధ్యలో కూర్చుంటాను. మీరంతా నిద్రపోతోందనుకుంటారు."

"మరి నాకొక్క మాట చెప్పకూడదూ?"

"చెప్తే నువ్వు నీ మొగుడితో పోట్లాడి పుట్టింటికి పోతావు. అప్పుడు బజారు కోసం తిరిగేదెవరే? పిచ్చిదానా, విను. పంపకాలప్పుడు పెద్దమనుషులు ఏమన్నారో తెలుసా? ఎవరి గోడ దాకా వాళ్లది, మిగిలిందంతా తల్లిది. అందరూ పైగది అనుకున్నారు. కానీ మిగిలినదాంట్లో ఇదీ ఉందిగా. వీళ్లు అమ్మింది గోడల దాకానే. నడుమ ఈ చోటు నాది. వీధినుంచి పెరడు దాకా కత్తి పెట్టి కోసినట్టు నాది. ఇది లేకుండా ఆ ఆసామి రెండు కొట్లూ కలపలేడు, కార్లూ పెట్టలేడు. వాడికింకా ఈ సంగతి తెలీదు."

చిన్నకోడలి తలలో ఏదో వెలిగింది, వెలిగినదే మరుక్షణం ఆరిపోయింది. "అయితే... గోడలు కొట్టేస్తే?"

"గోడలు పడితే 'గోడ దాకా' అన్న మాట ఎక్కడుంటుందే? ఇటువాడిది అటు, అటువాడిది ఇటు కలిసిపోతుంది. నా నడిమి చోటు ఆ ఆసామి నోట్లో పడుతుంది. అందుకే ఇవాళ ఈ గోడల మీద ఎవరు చెయ్యేసినా ఒప్పుకోను."

"కొట్టకపోతే అధికారులు వెనక్కి పోతారత్తయ్యా! ఫైలు మూసేస్తారు. మన ఒక్క కొట్టు కాదు, బజారు బజారంతా వాడి పాలవుతుంది!"

ఎన్నో ఏళ్లుగా రెండువైపుల మాటలూ విని, కోసి, సరిచేసి, తియ్యగా చేరవేసిన మనిషికి మొదటిసారిగా మాట దొరకలేదు. కొట్టమంటే ఇల్లు పోతుంది, వద్దంటే ఊరు పోతుంది. ఇద్దరూ చీకట్లో ఒకరి మొహం వైపు ఒకరు చూసుకున్నారు.

అప్పుడే వీధిలో అధ్యక్షులవారి కంఠం మేఘంలా ఉరిమింది. "దయచేయండి! ఇదిగో, శతాబ్దాల వాణిజ్య వైభవానికి సాక్షీభూతమైన ఈ కమానుల దారి! చిట్టచివరి అవరోధం మీ కళ్లముందే తొలగబోతున్న చారిత్రక క్షణం!" బూట్ల చప్పుళ్లు గొడుగుల కొట్టులోకి వచ్చాయి. ఆసరా కర్రలు బిగించిన శబ్దం. మేస్త్రీ పిలుస్తున్నాడు. "అమ్మగారూ! కార్యదర్శమ్మా! కర్రలు పెట్టేశాను. కొట్టమంటారా?"

"ఇక్కడే ఉండాలే, ఏదీ?" అంటూ చిన్నవాడు కన్నంలోకి వంగాడు. అటునుంచి ఎవరో అధికారి చేతి టార్చి మరొక కన్నంలోంచి సందులోకి దూరింది. ఈ టార్చి అలసిపోయే రకం కాదు. అది నేల మీద పాకి, సుత్తిని దాటి, గునపాన్ని దాటి, చివరి మూలదాకా వెళ్లి, బల్ల మీద పక్కపక్కనే కూర్చున్న అత్తాకోడళ్ల పాదాల మీద ఆగింది.

ఎడమ కన్నంలో భర్త కన్ను ఒక్కటే కనిపిస్తోంది. కుడి కన్నంలో బావగారి కన్ను. ఆవిడ అంతా విన్నదని రెండు కళ్లకూ ఒకేసారి అర్థమైంది.

"ఎవరు లోపల?" అధికారి గొంతు. "ఈ స్థలానికి యజమాని ఎవరు?"

"నేనే!" అన్నారు అన్నదమ్ములిద్దరూ, అలవాటు కొద్దీ, ఒక్క గొంతుతో.

"గోడల సంగతి కాదు నేనడిగింది. మధ్యలోని చోటు. ఇది ఎవరిది? పగలగొట్టాలంటే వాళ్లు సరేననాలి."

అధ్యక్షులవారు సైతం మాట్లాడలేదు, ఆ బజారు చరిత్రలో అది నిజంగానే చారిత్రక క్షణం. అత్తగారు నెరిసిన జుట్టు వెనక్కి సవరించుకుని, మోకాళ్ల మీద చేతులూని, లేవబోయారు. చిన్నకోడలు చటుక్కున ఆవిడ చేయి పట్టుకుంది. ఆపడానికి పట్టుకుందో, లేవదీయడానికి పట్టుకుందో, పట్టుకున్న చేతికే తెలియలేదు.